బాబిలోనియా లేఖకులు తమ చరిత్రను ఎలా రాసిపెట్టారు? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరాక్‌లో బాగ్దాద్‌కు దక్షిణాన, యూఫ్రటీస్ నది పక్కన ఉన్న శిథిలాలే ఒకప్పటి బాబిలోన్. అక్కడా, చుట్టుపక్కల ఊళ్లలోనూ దొరికిన మట్టి పలకల్లో రాజుల పేర్లున్నాయి, యుద్ధాలున్నాయి, బార్లీ ధరలున్నాయి, తోడేలు ఊళ్లోకి వచ్చిన సంగతి కూడా ఉంది. ఈ పలకల గురించి చదవడం మొదలుపెట్టిన వాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్క మాట ముందే చెప్తాను. ఏ పలకనైనా నమ్మే ముందు, అది ఎవరు చదవాలని రాశారో చూసుకోవాలి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

బాబిలోనియన్లకు చరిత్ర గ్రంథం అంటూ ఒకటి ఉండేదా?

లేదు. "మా దేశ చరిత్ర మొదటి నుంచీ ఇదీ" అని ఒకచోట కూర్చి రాసిన పుస్తకం క్యూనిఫాం లిపిలో (మట్టి మీద మేకు ఆకారపు గుర్తులతో రాసే లిపి) ఒక్కటీ దొరకలేదు. ఉన్నవన్నీ విడివిడి రకాలు. సంవత్సరాల పేర్ల పట్టికలు, రాజుల జాబితాలు, గుడి పునాదుల్లో పాతిపెట్టిన శాసనాలు, ఏ ఏడు ఏం జరిగిందో రాసిన క్రానికల్స్, రాత్రిపూట ఆకాశం చూసి రాసిన డైరీలు, పాత రాజుల కథలు, శకున గ్రంథాలు.

వీటిలో ఒక్కోటీ ఒక్కో అవసరం కోసం పుట్టింది. అప్పు పత్రం మీద తేదీ తేల్చుకోవాలంటే సంవత్సరాల పట్టిక కావాలి. పునాది శాసనం దేవుడి కోసం, ఎప్పుడో ఆ గుడిని మళ్లీ కట్టించబోయే రాజు కోసం. డైరీలు మాత్రం లేఖకులు తమ పని కోసం రాసుకున్నవి. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప చరిత్ర బయటపడదు. ఆ పని చేసింది ఎక్కువగా గత నూట యాభై ఏళ్ల పరిశోధకులే.

లేఖకులంటే ఎవరు? రాజుగారి ఉద్యోగులా, పూజారులా?

కాలాన్ని బట్టి మారింది. క్రీ.పూ. 18వ శతాబ్దంలో నిప్పూరు, ఊర్ లాంటి ఊళ్లలో పిల్లలు గురువు ఇంట్లోనే చదువుకునేవారు. ముందు గీతలు, గుర్తులు. తర్వాత పదాల పట్టికలు. ఆ తర్వాత అప్పటికే ఎవరూ ఇంట్లో మాట్లాడని సుమేరియన్ భాషలో సామెతలు, కథలు. చదువు పూర్తయినవాడు లెక్కలు రాసే ఉద్యోగంలోనో, గుళ్లోనో, కోటలోనో చేరేవాడు.

క్రీ.పూ. మొదటి వేయేళ్లకు వచ్చేసరికి చదువు కొన్ని కుటుంబాల చేతిలోకి వెళ్లింది. లేఖకుడు తన పేరు రాసేటప్పుడు తండ్రి పేరు, దాంతోపాటు వంశ మూలపురుషుడి పేరు కూడా రాసేవాడు. బాబిలోన్‌లో మర్దుక్ దేవుడి ఆలయం ఎసగిల. ఆ గుడి సభ ఆకాశాన్ని చూసి రాసేవాళ్లకు ఏటా వెండి రూపంలో జీతం, సాగుకు భూమి ఇచ్చేది. ఆ ఒప్పంద పత్రాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. తండ్రి పోతే ఆ పని కొడుకు అడిగి తెచ్చుకునేవాడు. పరిశీలన తను చేయగలనని సభ ముందు చూపించాల్సి వచ్చేది.

రాజు పేరుతో వచ్చే గొప్పలు రాసినవాళ్లూ, రాజు ఓడిపోయాడని నింపాదిగా రాసినవాళ్లూ ఇలాంటి చదువు చదివిన వాళ్లే. అందుకే తేడా మనిషిలో వెతకడం కన్నా పలక ఏ రకానిదో చూడటం మేలు.

ఆడవాళ్లు కూడా రాసేవారా?

రాసేవారు. బాబిలోన్ రాజు హమ్మురాబి కాలం నాటి సిప్పర్‌లో సూర్యదేవుడికి అంకితమైన స్త్రీల నివాసం ఉండేది, అక్కడ పత్రాలు రాసినవాళ్లలో స్త్రీ లేఖకులూ ఉన్నారు. క్రానికల్స్ మీద కనిపించే చేతిరాత పేర్లు మాత్రం మగవాళ్లవి.

పలక మీద ఎలా రాసేవారు?

నది ఒండ్రుమట్టిని బాగా పిసికి, అరచేతిలో పట్టేంత ముద్ద చేసి, రెల్లు కలం కొనతో నొక్కేవారు. గీయడం ఉండదు, నొక్కడమే. అందుకే ప్రతి గుర్తూ మేకు తలలా ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నగా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి రాసి, ముందువైపు నిండాక పలకను పక్కకు కాకుండా కింది నుంచి పైకి తిప్పి వెనకవైపు రాసేవారు. తర్వాత ఎండలో ఆరబెట్టడమే. కాల్చినవి తక్కువ. మైనం పూసిన చెక్క పలకలు కూడా వాడేవారు గానీ అవి దాదాపుగా నశించిపోయాయి.

నాకు బాగా నచ్చే సంగతి చివరి వరుసల్లో ఉంటుంది. పాత పలక చూసి కొత్తది రాసినప్పుడు "మూలం ప్రకారం రాసి, సరిచూశాను" అని కింద రాసేవారు. మూలంలో ఎక్కడైనా మట్టి పెచ్చు ఊడిపోయి ఉంటే, ఊహించి పూరించకుండా "ఇక్కడ విరిగింది" అని చిన్న అక్షరాల్లో రాసి ముందుకు పోయేవారు. అప్పుడే విరిగితే "కొత్తగా విరిగింది" అని. క్రీ.పూ. 747 ప్రాంతం నుంచి మొదలయ్యే ప్రసిద్ధ క్రానికల్ పలక చివర, అది అన-బేల్-ఎరేష్ పలక అనీ, రాసింది అతని కొడుకు ఏయా-నాదిన్ అనీ, పర్షియా రాజు దరియావేషు 22వ ఏట రాశాడనీ ఉంది. అంటే క్రీ.పూ. 500 ప్రాంతంలో ఒక కొడుకు తండ్రి కోసం రెండు వందల ఏళ్ల పైచిలుకు పాత సంగతులను జాగ్రత్తగా ఎత్తి రాశాడన్నమాట.

సంవత్సరాలకు అంకెలు లేకుండా తేదీలు ఎలా గుర్తుపెట్టుకున్నారు?

మొదట్లో ప్రతి సంవత్సరానికీ ఒక పేరు పెట్టేవారు, అంతకుముందు ఏడు జరిగిన పెద్ద సంగతిని పట్టి. హమ్మురాబి 43 ఏళ్లు పాలించాడు కాబట్టి అతనివి 43 పేర్లు. "దేశంలో న్యాయం నెలకొల్పిన సంవత్సరం" అతని రెండో ఏడు. లార్సా రాజు రిమ్-సిన్‌ను ఓడించిన సంగతి 31వ ఏటి పేరు. కాలువ తవ్వించినా, దేవుడికి సింహాసనం చేయించినా పేరే.

ఏడాది మొదట్లో కొత్త పేరు ఇంకా ఊళ్లకు చేరకపోతే? పని ఆగకూడదు కదా. "ఫలానా సంవత్సరం తర్వాతి సంవత్సరం" అని రాసేసేవారు. పదేళ్ల కిందటి అప్పుకు వడ్డీ లెక్క కట్టాలంటే ఏ పేరు ముందో, ఏది తర్వాతో తెలియాలి. అందుకే ఈ పేర్లన్నీ వరసగా పట్టికలు చేసుకున్నారు. చరిత్ర రాయాలన్న ఉద్దేశం లేకుండానే ఒక రాజు పాలన మొత్తం ఏడాది వారీగా చేతికొచ్చింది. అయితే ఆ పేర్లు పెట్టింది కోట వాళ్లే, కాబట్టి ఓటమి పేరుతో సంవత్సరం కనపడదు. హమ్మురాబి వంశం తర్వాత బాబిలోన్ ఏలిన కస్సైట్ రాజుల కాలంలో ఈ పద్ధతి పోయి, "ఫలానా రాజు 5వ ఏడు" అని లెక్కపెట్టడం స్థిరపడింది.

రాజుల జాబితాలో ఒక్కో రాజు 28,800 ఏళ్లు పాలించాడని ఉంటుంది. వాళ్లు అది నమ్మారా?

మీరు చెప్తున్నది సుమేరియన్ రాజుల జాబితా. అందులో బాగా దొరికిన ప్రతి క్రీ.పూ. 1800 ప్రాంతానిది, నాలుగు ముఖాల మట్టి దిమ్మె, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. "రాజరికం ఆకాశం నుంచి దిగివచ్చినప్పుడు, అది ఎరిదులో ఉంది" అని మొదలవుతుంది. మొదటి రాజు అలులిమ్ 28,800 ఏళ్లు, తర్వాతివాడు 36,000 ఏళ్లు. ఎనిమిది మంది రాజులు, ఐదు నగరాలు, మొత్తం 241,200 ఏళ్లు. ఆ పైన జలప్రళయం.

ఈ అంకెలు ఊరికే వేసినవి కావు. వాళ్లది అరవై మీద నడిచే లెక్క. అరవై అరవైలు 3,600. అలులిమ్ ఏళ్లు ఎనిమిది 3,600లు, రెండోవాడివి పది. మొత్తం కలిపితే సరిగ్గా అరవై ఏడు. ప్రళయం తర్వాత ఏళ్లు తగ్గుతూ వస్తాయి. గిల్గమేష్‌కు 126 ఏళ్లు, ఆ తర్వాత మామూలు మనుషుల ఏళ్లు. జాబితాలో 900 ఏళ్లు పాలించాడన్న కీష్ రాజు ఎన్‌మెబరగేసి పేరు ఒక రాతిపాత్ర ముక్క మీద నిజంగానే దొరికింది. అంటే ఏళ్లు కల్పితమైనా మనిషి కల్పితం కాకపోవచ్చు.

నన్నడిగితే ఈ జాబితాలో అసలు కల్పన ఏళ్లలో లేదు. ఒక కాలంలో భూమ్మీద ఒకే నగరానికి రాజరికం ఉంటుందని చూపించడంలో ఉంది. పక్కపక్కనే ఒకే కాలంలో ఏలిన వంశాలను ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చేశారు. లగాష్ లాంటి పెద్ద నగరాన్ని మొత్తంగా వదిలేశారు. దానికి ప్రతిగా లగాష్ పేరుతో వేరే జాబితా ఒకటి పుట్టింది. వెటకారంగా రాసినట్టు ఉంటుంది అది. అసలు జాబితాలో కూడా అక్కద్ రాజ్యం చివర గందరగోళం వచ్చినచోట లేఖకుడు విసుగు దాచుకోలేదు: "ఎవరు రాజు? ఎవరు రాజు కాదు?" అని రాసి, మూడేళ్లలో నలుగురి పేర్లు వరసగా పెట్టాడు. కీష్‌లో సారా అంగడి నడిపిన కు-బౌ అనే ఆవిడ రాజ్యం ఏలిందని ఉన్నదీ ఇందులోనే.

క్రానికల్ అంటే ఏమిటి? చదివితే ఎలా ఉంటుంది?

పొడిపొడిగా ఉంటుంది. ఫలానా ఏడు, ఫలానా నెల, రాజు ఇటు వెళ్లాడు, అది పట్టుకున్నాడు, తిరిగి వచ్చాడు. విశేషణాలు లేవు. దేవుడు ఎదురొచ్చి గెలిపించాడన్న మాట దాదాపుగా లేదు. మొదటిసారి చదివినవాళ్లకు బోర్ కొడుతుంది. దాని విలువ తెలియాలంటే అదే సంఘటన గురించి రాజులు ఏం చెప్పుకున్నారో పక్కన పెట్టి చూడాలి.

క్రీ.పూ. 720లో దేర్ అనే ఊరి దగ్గర యుద్ధం జరిగింది. ఒకవైపు అస్సీరియా రాజు సర్గోన్. ఇంకోవైపు ఏలాము (ఇప్పటి ఇరాన్ నైరుతి ప్రాంతం) రాజు. బాబిలోన్ రాజు మెరోదక్బలదాను ఏలాముకు మిత్రుడు. ఈయన పేరు తెలుగు బైబిల్‌లో యెషయా గ్రంథంలో కూడా కనిపిస్తుంది. సర్గోన్ తన శాసనాల్లో ఏలామును చిత్తు చేశానని రాయించాడు. మెరోదక్బలదాను ఉరుక్‌లో గుడి బాగుచేయించి పెట్టిన మట్టి శాసనంలో అస్సీరియా సేనలను తానే తరిమికొట్టానని రాయించాడు. ఇక బాబిలోన్ క్రానికల్ ఏమంటుందంటే, ఏలాము రాజు అస్సీరియాను ఓడించాడు. ఏలాముకు సాయంగా బయల్దేరిన మెరోదక్బలదాను, అతని సేన సమయానికి చేరలేదు, వెనక్కి వచ్చేశాడు.

తమ సొంత రాజు యుద్ధానికి ఆలస్యంగా వెళ్లాడని బాబిలోన్ లేఖకుడే రాశాడు! దీనికి ఇంకో మలుపు ఉంది. మెరోదక్బలదాను ఉరుక్‌లో పెట్టిన ఆ శాసనం 1952లో అస్సీరియాలోని నిమ్రూద్‌లో బయటపడింది. తర్వాత బాబిలోన్‌ను గెలిచిన సర్గోన్ దాన్ని తెప్పించుకుని, ఉరుక్‌లో తన పేరుతో వేరేది పెట్టించాడు. ప్రత్యర్థి రాయించుకున్నదాన్ని రాజులు ఎంత పట్టించుకునేవారో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలా రాస్తే లేఖకుడి తల పోదా?

క్రానికల్‌ను ఊరేగింపులో చదివి వినిపించేవారు కాదు, గోడ మీద చెక్కేవారు కాదు. చిన్న అక్షరాలతో ఉన్న చిన్న పలకలు, లేఖకుల మధ్య తిరిగేవి. పైగా మన చేతికొచ్చిన ప్రతుల్లో చాలావరకు ఆ రాజులు పోయిన చాలాకాలానికి ఎత్తి రాసినవి.

కానీ నెబుకద్నెజరు లాంటి రాజు విషయంలో కూడా ఇదే ధోరణి. క్రీ.పూ. 601లో ఆయన ఈజిప్టు మీదికి వెళ్లాడు. రెండు పక్షాలకూ భారీగా నష్టం జరిగిందనీ, రాజు సేనతో బాబిలోన్‌కు తిరిగొచ్చాడనీ క్రానికల్ చెప్తుంది. మరుసటి ఏడు రాజు ఇంటిపట్టునే ఉండి రథాలు, గుర్రాలు సమకూర్చుకున్నాడని ఒక్క వాక్యం. ఓడిపోయాడన్న మాట వాడలేదు, వాడాల్సిన అవసరమూ లేకుండా పోయింది. అస్సీరియా రాజు సన్హెరీబు బాబిలోన్‌ను నాశనం చేశాక వచ్చిన కాలం గురించి "ఎనిమిదేళ్లు బాబిలోన్‌లో రాజు లేడు" అనే రాశారు. శాపనార్థాలు లేవు. నిజానికి అప్పుడు ఏలుతున్నది సన్హెరీబే, కానీ ఆయన్ను రాజుల లెక్కలో వేయలేదు. అంతకన్నా పెద్ద తిట్టు ఉంటుందా?

ఆకాశం చూసి రాసిన డైరీల్లో చరిత్ర ఎందుకుంది?

వీటి దగ్గర కొంచెం ఆగాలి. ఖగోళ డైరీలు అని పిలుస్తున్న ఈ పలకల్లో మనకు దొరికిన వాటిలో పాతది క్రీ.పూ. 652 నాటిది, చివరిది క్రీ.పూ. 61 నాటిది. దాదాపు ఆరు వందల ఏళ్ల పాటు, రాజులు మారినా, పర్షియన్లు వచ్చినా, గ్రీకులు వచ్చినా, పార్థియన్లు వచ్చినా రాత ఆగలేదు. రోజువారీ నోట్స్ చిన్న పలకల మీద రాసి, తర్వాత వాటిని కలిపి ఆరు నెలల పలకలుగా చేసేవారు.

ఒక నెల ఎంట్రీ ఇలా సాగుతుంది. చంద్రుడు ఫలానా నక్షత్రానికి ఇన్ని మూరల దూరంలో ఉన్నాడు. ఆ రాత్రి మబ్బు పట్టింది, చూడలేదు. గాలి ఎటు నుంచి వీచింది, వాన చెప్పులు విప్పాల్సినంత పడిందా లేదా. నెలాఖరున ఒక షెకెల్ వెండికి, అంటే 8 గ్రాముల పైచిలుకు వెండికి, బార్లీ ఎంత వచ్చింది, ఖర్జూరం ఎంత, నువ్వులు ఎంత, ఉన్ని ఎంత. మన పెద్దవాళ్లు రూపాయికి ఇన్ని శేర్లు అని చెప్పుకున్నట్టే, ఇక్కడ అంకె తగ్గితే ధర పెరిగినట్టు. తర్వాత గ్రహాలు ఏ రాశిలో ఉన్నాయి, యూఫ్రటీస్ నీటిమట్టం ఎన్ని వేళ్లు పెరిగింది. ఆ తర్వాత ఊళ్లో, దేశంలో ఏం జరిగింది. నెబుకద్నెజరు 37వ ఏటి డైరీలో, బోర్సిప్పలోకి తోడేలు వచ్చి రెండు కుక్కలను చంపింది, బయటకు పోలేదు, దాన్ని చంపేశారు అని ఉంది. హాలీ తోకచుక్క క్రీ.పూ. 164లో కనిపించిన సంగతి కూడా ఈ డైరీల్లోనే దొరికింది.

గ్రహం, బార్లీ, నీళ్లు, యుద్ధం ఒకే పలక మీద ఎందుకంటే, వాళ్ల దృష్టిలో ఇవి వేరువేరు కాదు. ఆకాశంలో కనిపించేది దేవుళ్లు రాసిన గుర్తు. ఏ గుర్తు తర్వాత భూమ్మీద ఏం జరిగిందో ఏళ్ల తరబడి రాసిపెట్టుకుంటే రాబోయేది చెప్పవచ్చు. ఆ నమ్మకం ఏమైనా, దానివల్ల ఒక మంచి జరిగింది. గుర్తుకు ఫలితం సరిపోవాలంటే ఫలితం నిజంగా జరిగినదై ఉండాలి. రాజును మెప్పించడానికి ఓటమిని గెలుపుగా రాస్తే వాళ్ల లెక్కే చెడిపోతుంది. క్రానికల్స్‌లోని ఆ పొడి నిజాయితీకి ఈ అలవాటు కూడా కారణమని నా అభిప్రాయం.

అలెగ్జాండర్ సంగతి చూడండి. క్రీ.పూ. 331 అక్టోబర్ 1న గౌగమెల యుద్ధం. గ్రీకు రచయిత అరియన్ ప్రకారం పర్షియా రాజు మూడో దరియావేషు (పైన చెప్పిన దరియావేషు వేరు) ముందుగా రథం తిప్పి పారిపోయాడు. బాబిలోన్ డైరీ ప్రకారం రాజును సైన్యమే వదిలేసి తమ తమ ఊళ్లకు పోయింది. పదకొండు రోజుల ముందు పట్టిన చంద్రగ్రహణమూ అందులోనే ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత, క్రీ.పూ. 323 జూన్ 11 నాటి వరుసలో "రాజు చనిపోయాడు" అని ఉంది. దాని పక్కనే ఆకాశం మబ్బుగా ఉందని ఉంది. సగం ప్రపంచం గెలిచినవాడికి ఇచ్చిన చోటు అంతే, ఆ రాత్రి మబ్బుకు ఇచ్చినంత.

మరి దేవుళ్ల కోసం చరిత్రను వంచలేదా?

ఎందుకు వంచలేదు, బాగా వంచారు. వైడ్నర్ క్రానికల్ అని పిలిచే రచన ఉంది. పేరుకు క్రానికల్ గానీ తీరు పూర్తిగా వేరు. ఎసగిల గుడికి చేపల నైవేద్యం సరిగా పెట్టినవాళ్లు బాగుపడ్డారు, నిర్లక్ష్యం చేసినవాళ్లు రాజ్యం పోగొట్టుకున్నారు అన్నది దాని వాదన. సారా అంగడి కు-బౌకు రాజ్యం రావడానికి కారణం, జాలరికి రొట్టె, నీళ్లు ఇచ్చి అతని చేపను త్వరగా గుడికి పంపించడమేనట. అక్కద్ రాజులు సర్గోన్ (దేర్ యుద్ధం చేసిన సర్గోన్ వేరు, ఈయన చాలా పాతవాడు), నరామ్-సిన్ కాలంలో బాబిలోన్ ఒక చిన్న ఊరు, మర్దుక్‌ను అంతగా పట్టించుకున్నవాళ్లు లేరు. వెయ్యేళ్ల తర్వాతి భక్తిని వెనక్కి తీసుకెళ్లి వాళ్లకు అంటగట్టారు.

అంతకన్నా తెలివైనది ఏసర్హద్దోను లేఖకులు చేసిన పని. సన్హెరీబు క్రీ.పూ. 689లో బాబిలోన్‌ను నేలమట్టం చేశాడు. కొడుకు ఏసర్హద్దోను మళ్లీ కట్టించాలనుకున్నాడు. కానీ మర్దుక్ 70 ఏళ్లు పాడుపడి ఉండాలని శాసించాడని చెప్పుకుంటున్నారు. క్యూనిఫాం అంకెల్లో 70 అంటే నిలువు గుర్తు ఒకటి, దాని తర్వాత కోణం గుర్తు ఒకటి. ఆ రెంటినీ తారుమారు చేస్తే 11 అవుతుంది. మర్దుక్ దయతలచి అంకెను తలకిందులు చేశాడని శాసనంలో రాశారు. నాన్నను తిట్టకుండా, దేవుడి మాట తప్పనివ్వకుండా పని పూర్తి!

దొంగ పత్రాలు కూడా పుట్టించారా?

పుట్టించారు. సిప్పర్‌లో దొరికిన, శిలువ ఆకారంలో కోసిన రాయి ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్కద్ రాజు మనిష్తుషు, అంటే క్రీ.పూ. 23వ శతాబ్దం రాజు, సూర్యదేవుడి గుడికి ఎన్నో ఆదాయాలు రాసిచ్చినట్టు అందులో ఉంది. నిజానికి అది చాలా శతాబ్దాల తర్వాత గుడివాళ్లు తయారుచేసుకున్న పత్రం. చివర "ఇది అబద్ధం కాదు, నిజమే" అని కూడా రాసుకున్నారు. నిజమైన పత్రంలో ఆ మాట ఎవరూ రాయరు.

వాళ్లు కూడా మనలాగే తవ్వి పాత వస్తువులు వెతికారా?

వెతికారు, కాకపోతే గుడి కోసం. పాత గుడి పునాది ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా పట్టుకుని, దాని మీదే కొత్తది కట్టాలి. లేకపోతే దేవుడు ఒప్పుకోడు. బాబిలోన్ చివరి సొంత రాజు నబోనిదస్ (క్రీ.పూ. 555–539) సిప్పర్‌లో 18 మూరలు తవ్వించి నరామ్-సిన్ వేసిన పునాదిని పట్టుకున్నాడు. 3,200 ఏళ్లుగా ఏ రాజూ చూడనిది తాను చూశానని మురిసిపోయాడు. మన లెక్క ప్రకారం మధ్య దూరం 1,700 ఏళ్లే. ఒకే కాలంలో ఏలిన వంశాలను వరసగా పేర్చిన జాబితాలను నమ్ముకుంటే లెక్క ఇలాగే ఉబ్బుతుంది. నరామ్-సిన్‌ను సర్గోన్ కొడుకన్నాడు, అసలు మనవడు.

ఊర్‌లో ఇంకో ముచ్చటైన మట్టి వస్తువు దొరికింది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఊర్ గవర్నర్ గుడి పునాది వెతుకుతుంటే, దాదాపు పద్నాలుగు శతాబ్దాల కిందటి అమర్-సిన్ రాజు ఇటుకలు బయటపడ్డాయి. నబు-షుమ-ఇద్దిన్ అనే పూజారి ఆ పాత అక్షరాలను చూసి నకలు రాసి, చూసేవాళ్ల కోసం రాశానని కింద పెట్టాడు. మ్యూజియంలో వస్తువు పక్కన పెట్టే చీటీకి ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తెలిసి చాలా అరుదు.

బైబిల్‌లో చెప్పినవాటికి ఈ పలకల్లో ఆధారాలున్నాయా?

కొన్నింటికి గట్టివే ఉన్నాయి. 1956లో డొనాల్డ్ వైజ్‌మన్ ప్రచురించిన క్రానికల్‌లో, నెబుకద్నెజరు తన 7వ ఏట యూదా నగరాన్ని ముట్టడించి, అదారు నెల 2న పట్టుకుని, రాజును బంధించి, తనకు నచ్చినవాణ్ని రాజుగా పెట్టి, భారీ కప్పం తెచ్చాడని ఉంది. అంటే క్రీ.పూ. 597 మార్చి 16. యెహోయాకీను, సిద్కియాల పేర్లు అందులో లేవు. కానీ బాబిలోన్‌లో దొరికిన వేరే పలకల్లో, యూదా రాజు యెహోయాకీనుకు ఇచ్చిన నూనె రేషన్ లెక్క ఉంది. పదేళ్ల తర్వాత యెరూషలేము దేవాలయం కాలిపోయిన సంగతి చెప్పగల క్రానికల్ భాగం మాత్రం దొరకలేదు.

బెల్షస్సరు విందు కథ తెలిసినవాళ్లు నబోనిదస్ క్రానికల్ చదవాలి. రాజు ఏళ్ల తరబడి అరేబియాలోని తేమాలో కూర్చున్నాడు, రాకుమారుడు ఇక్కడ సేనతో ఉన్నాడు. ఆ రాకుమారుడే బెల్షస్సరు. ఆ ఏళ్లన్నిటికీ ఒకటే వాక్యం: రాజు నీసాను నెలలో బాబిలోన్‌కు రాలేదు, కొత్త సంవత్సరం పండుగ జరగలేదు. క్రీ.పూ. 539లో సైరస్ (తెలుగు బైబిల్‌లో కోరెషు) సేన పోరాటం లేకుండా నగరంలోకి వచ్చిందనీ అందులోనే ఉంది.

ఇన్ని వేల ఏళ్ల కిందటి తేదీలు రోజుతో సహా ఎలా చెప్పగలుగుతున్నారు?

గ్రహణాల వల్ల. అస్సీరియా వాళ్ల వార్షిక జాబితాలో ఒక సూర్యగ్రహణం ఉంది, అది క్రీ.పూ. 763 జూన్ 15న పట్టిందని లెక్క తేలింది. గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ ఇచ్చిన రాజుల పట్టిక బాబిలోన్ రాజు నబు-నాసిర్ తొలి ఏటి నుంచి, అంటే క్రీ.పూ. 747 నుంచి మొదలవుతుంది. డైరీల్లో చంద్రుడు, గ్రహాల స్థానాలు ఉన్నాయి కాబట్టి కంప్యూటర్‌లో వెనక్కి లెక్కకట్టి సరిచూసుకోవచ్చు. అంతకు ముందు కాలానికి, ముఖ్యంగా హమ్మురాబికి, ఇంత కచ్చితత్వం లేదు. ఆయన పాలనను క్రీ.పూ. 1792–1750 అనడం ఎక్కువమంది వాడే లెక్క మాత్రమే.

సామాన్యుల చరిత్ర ఎక్కడుంది?

క్రానికల్‌లో లేదు. నిప్పూరు దగ్గరికి సేనలు వచ్చాయి, వెళ్లాయి అని మాత్రమే ఉంటుంది. అదే నిప్పూరు ముట్టడిలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు పిల్లలను వెండికి అమ్మేసిన పత్రాలు దొరికాయి, "నా బిడ్డను తీసుకుని బతికించు" అన్న ధోరణిలో. యుద్ధం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ అమ్మకపు పత్రాలు చదవాలి.

బెరోసస్ లాంటివాళ్లు, అంటే తమ చరిత్రను పుస్తకంగా రాసిన బాబిలోనియన్లు ఉన్నారా?

బెరోసస్ మర్దుక్ పూజారి. అలెగ్జాండర్ తర్వాత గ్రీకుల పాలన వచ్చాక, క్రీ.పూ. 3వ శతాబ్దం మొదట్లో, మూడు భాగాల చరిత్రను గ్రీకులో రాసి ఆంటియోకస్ రాజుకు అంకితమిచ్చాడు. సృష్టి నుంచి ప్రళయం, ప్రళయం నుంచి తన కాలం దాకా. బాబిలోన్‌ను సెమీరమిస్ రాణి కట్టించిందని గ్రీకులు రాసిన కథల మీద ఆయనకు కోపం. ఆ పుస్తకం పోయింది. తర్వాతి రచయితలు జోసిఫస్, యుసీబియస్ తమ రచనల్లో ఎత్తి రాసిన ముక్కలే మిగిలాయి. పలకలు దొరికాక పోల్చి చూస్తే, ఆయన గుడి పలకలు దగ్గర పెట్టుకునే రాశాడని తేలింది. మూడు భాగాల గ్రీకు పుస్తకం గాలికి పోయి, ఆయన చూసి రాసిన మట్టి పలకలు మిగలడం విడ్డూరమే.

ఈ పలకలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఎక్కువ భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, అక్కడి సేకరణ లక్షా ముప్పై వేల పలకలు, ముక్కల దాకా ఉంటుంది. బాగ్దాద్, ఇస్తాంబుల్, బెర్లిన్ మ్యూజియంలలోనూ ఉన్నాయి. తోడేలు కథ ఉన్న డైరీ బెర్లిన్‌ది. సైరస్ మట్టి సిలిండర్ 2013 చివర్లో ముంబై మ్యూజియానికి ప్రదర్శనకు వచ్చింది కూడా. క్రానికల్ పలకలు చూడబోతే ఒక సంగతి గుర్తుంచుకోండి: అవి బొమ్మల్లేని చిన్న మట్టి బిళ్లలు. కాబట్టి పలక నంబరు, దాని అనువాదం ముందే చదువుకుని వెళ్లడం మంచిది.